మా వీధిలో ఎవరినైనా అడగండి

జూన్ 3, మంగళవారం

నాకు ఉద్యోగం అక్కర్లేదు. ఈ ముక్క ముందే రాసిపెట్టుకుంటున్నాను. మా ఆవిడ రాజ్యం పోరు పడలేక ఒక దరఖాస్తు పెడుతున్నాను, అంతే.

పొద్దున పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. ఏ.ఎస్. రావు నగర్‌లో కొత్తగా తెరిచిన పెళ్ళి సంబంధాల కంపెనీకి సలహాదారు కావాలట. "కుటుంబాలతో మాట్లాడే నేర్పు ఉండాలి. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. రెజ్యూమె, కవర్ లెటర్ తెలుగులోనైనా పంపవచ్చు." మా ఆవిడ ఆ ముక్క కత్తిరించి నా టీ గ్లాసు కింద పెట్టింది.

"గిది నీ పనే గదయ్యా" అంది.

"నా పని కంపెనీ చేస్తదా?"

"నువ్వైతే చేస్తలేవు. ఎవరో ఒకరు చెయ్యాలె గద."

రాజ్యం మాట్లాడితే ఇట్లాగే ఉంటుంది. జవాబు దొరికేసరికి ఆమె వంటింట్లో ఉంటుంది.

నలభయ్యేళ్ళు ఇదే పని చేశాను. జనం పెళ్ళిళ్ళ పేరయ్య అంటారు, నేను మధ్యవర్తి అంటాను. బొల్లారం నుంచి లాలాపేట దాకా నేను చెప్పులు విడవని గడప లేదు. ఇప్పుడు అందరికీ ఫోన్లు వచ్చాయి. వేలితో ఇటు తోస్తే వద్దు, అటు తోస్తే కావాలి. మధ్యలో నాబోటివాడు దగ్గి, మంచినీళ్ళడిగి, మాట మొదలుపెట్టే సందే లేదు. ఎవరైనా పలకరిస్తే "రెండు మూడు నడుస్తున్నయ్" అంటాను. ఏవీ నడవడం లేదు. ఆఖరి సంబంధం కుదిర్చి రెండేళ్ళు దాటింది.

అయినా ఉద్యోగం అక్కర్లేదు.

జూన్ 5

రెజ్యూమె రాసేశాను. గంట పట్టలేదు. లోకం దీన్ని ఇంత పెద్దది ఎందుకు చేస్తుందో తెలియదు. ఎంతమంది పెళ్ళి బయోడేటాలు నా చేతిమీదుగా పోలేదు! కుంటివాడి నడకను హుందాతనంగా, అప్పులవాడి దుబారాను ఉదారస్వభావంగా చదివించినవాణ్ణి. నాది నేను రాసుకోలేనా?

చివర్లో ఫొటో కూడా అంటించాను. పాతికేళ్ళ కింద ప్యారడైజ్ దగ్గర స్టూడియోలో తీయించిందే, కానీ అందులో నేను బాగుంటాను.

జూన్ 6

పై వాటాలో ఉండే నాజ్నీన్‌కు చూపించాను. ఆ అమ్మాయి ఒక కంపెనీలో ఉద్యోగాలిచ్చే విభాగంలో పనిచేస్తుంది. రోజంతా ఇతరుల రెజ్యూమెలు చదవడమే ఆమె కొలువు. మెట్ల మీద నిలబడే చదవడం మొదలుపెట్టింది.

"అంకుల్, గిదేంది?"

"రెజ్యూమె."

"దీంట్ల ఎత్తు ఎందుకున్నది?"

"ఐదడుగుల ఆరంగుళాలు. నిజమే రాసిన."

"నక్షత్రం?"

"ఉత్తర. చానా మందితోని కలుస్తది."

"చామనఛాయ, సొంత ఇల్లు, చాయ్ తప్ప ఏ అలవాట్లు లేవు, తోబుట్టువులందరు సెటిల్..." ఆమె మెట్టు మీద కూలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "కంపెనీ మిమ్మల్ని పెండ్లి చేసుకోదు అంకుల్. జీతమిస్తది" అంది.

ఆ తర్వాత పెన్ను తీసి కొట్టేయడం షురూ చేసింది. ఎత్తు పోయింది. నక్షత్రం పోయింది. మా నాన్న పేరు పోయింది. 'మృదుభాషి, నమ్మకస్తుడు, నలుగురిలో మంచి పేరు గలవాడు' అన్న వాక్యం మీద కాసేపు పెన్ను ఆగింది. బతికిపోతుందనుకున్నాను. అదీ పోయింది.

"మీరు మంచోళ్ళని మీరే చెప్తే ఎవరు నమ్ముతరు? మీరు ఏం చేసిండ్రో రాయండి. అది చూసి వాళ్ళే అనుకోవాలె మంచోడని."

"మరి ఫొటో?"

"ఇదెవరు?"

ఫొటో కూడా పోయింది. కాగితం మీద నా పేరు, చిరునామా, ఫోన్ నంబరు మిగిలాయి.

చదువు దగ్గర ఏడో తరగతి అని రాశాను. రాసి, చేత్తో కప్పుకున్నాను. నాజ్నీన్ నా చెయ్యి పక్కకు జరిపి, "ఉండనీయండి. బడి బయట ఇంకేమన్న చదివిండ్రా?" అంది. చదివాను. చిన్నతనంలో సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒక పుస్తకాల బండి దగ్గర పనిచేసేవాణ్ణి. రైలుకీ రైలుకీ మధ్య ఏది చేతికొస్తే అది చదివేవాణ్ణి. డిటెక్టివ్ నవలైతే హంతకుడెవరో తెలిసే లోపల అమ్ముడుపోయేది. అట్లా ఎన్నో హత్యలు ఎవరు చేశారో తెలియకుండానే ముసలివాణ్ణయ్యాను. ఇంగ్లీషంతా ఆదివారం పెళ్ళి ప్రకటనల్లోంచి వచ్చింది. 'కాన్వెంట్ ఎడ్యుకేటెడ్', 'వెల్ సెటిల్డ్' తడుముకోకుండా అంటాను. నిన్న వానొచ్చిందని చెప్పమంటే మాత్రం ఆకాశం వైపు చూపిస్తాను.

ఇదంతా విని ఆమె ఒక్క ముక్క రాసింది: 'తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చు. ఇంగ్లీషు, ఉర్దూ అర్థమవుతాయి.' అంతే. నా బాల్యమంతా కలిపి ఒక్క లైను కూడా నిండలేదు. కానీ చూడ్డానికి బాగుంది.

జూన్ 8, ఆదివారం

ఏం చేశానో రాయాలంటే చేశానని చెప్పేవాళ్ళుండాలి. అక్కడొచ్చింది చిక్కు.

మా వృత్తిలో ఒక విచిత్రం ఉంది. పెళ్ళి కుదిరేదాకా మధ్యవర్తి ఇంటివాడు. కుదిరాక ఎవడో తెలియనివాడు. ఫలానావాడు కుదిర్చాడని చెప్పుకోవడం రెండిళ్ళవాళ్ళకూ నామోషీ. "తెలిసినోళ్ళ ద్వారా వచ్చింది" అంటారు. ఆ తెలిసినోళ్ళలో నేనెప్పుడూ ఉండను.

అయినా ఒక జంట గుర్తొచ్చింది. నేనంటే బాగా ఇష్టపడేవాళ్ళు. కాప్రా చెరువు దగ్గర ఫ్లాటు. వెళ్తే ఎంతో మర్యాద చేశారు. బోండాలు పెట్టారు. విషయం చెప్పగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరకు వేశాడు.

"అంకుల్, ఏమనుకోకండి. మా పిల్లలకు మాది లవ్ మ్యారేజ్ అని చెప్పినం."

"ఎప్పటి సంది?"

"వాళ్ళు అడిగినప్పటి సంది. ఇప్పుడు మీకు కాగితం రాసిస్తే మొత్తం కహానీ ఖరాబైతది."

పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి తలెత్తకపోతే ఈయన నా చెవిలో "గొంతైనా వినిపించుండ్రి" అని బతిమాలిన సంగతి నాకు గుర్తుంది. ఒకవిధంగా అది లవ్వే. మిగిలిన బోండా తినేసి వచ్చాను.

జూన్ 9

వాన. ఉద్యోగం అక్కర్లేదని మళ్ళీ ఒకసారి రాసుకుంటున్నాను.

జూన్ 11

నిన్నంతా ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్నాను. ఏ ఇంటి గురించీ ఆరా తీయకుండా ఆ ఇంటికి నేను బయోడేటా పంపింది లేదు. కంపెనీకి మాత్రం ఎందుకు పంపాలి? ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చున్నాను. రెండో చాయ్‌కి ఆ బిల్డింగ్ వాచ్‌మన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. వాచ్‌మన్‌కు ఉస్మానియా బిస్కెట్ ఇస్తే భవనం మొత్తం మాట్లాడుతుంది.

"మంచోళ్ళే సార్. మేడమ్ ఫెయిత్ అని, చిన్న వయసే గాని మస్తు కష్టపడ్తది. గని రోజు లొల్లే. ఒకరింటి ముచ్చట ఇంకొకరికి చెప్తున్నరని పెద్దమనుషులొచ్చి కొట్లాడ్తున్నరు."

"ఎవరు చెప్తున్నరు?"

"అండ్ల పనిచేసే పోరగాండ్లు. ఫోన్ల మాట్లాడుకుంట నోరు జారుతరు."

ఇంటికొచ్చి నాజ్నీన్‌కు చెప్పాను. ఆమె ఈసారి నవ్వలేదు. "అంకుల్, గిదే కవర్ లెటర్. రెజ్యూమెల మీ గురించి ఉంటది. కవర్ లెటర్‌ల వాళ్ళకేం తక్లీఫ్ ఉన్నదో, దానికి మీరు ఏం పనికొస్తరో ఉండాలె. వాళ్ళ లొల్లి మీకు తెలుసని మాత్రం రాయకండి."

ఈ మాట ముందే చెప్పి ఉంటే నాలుగు కాగితాలు మిగిలేవి. నేను ఏ ఇంటికి వెళ్ళినా ముందు అబ్బాయి గురించి మాట్లాడను. ఆ ఇంట్లో దేనికి భయపడుతున్నారో వింటాను. రెజ్యూమె అంటే ఫొటో. కవర్ లెటర్ అంటే ఆ ఫొటో పట్టుకెళ్ళినవాడి నోరు. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ కోసం వాడిన నోరు నా కోసం తెరవడమే కష్టంగా ఉంది. తన సంబంధం తానే మాట్లాడుకునేవాణ్ణి ఎవరూ నమ్మరు. నేనైతే నమ్మను.

చాలాసేపు కూర్చుని ఇది రాశాను:

'అమ్మా, సంబంధం చూసేటప్పుడు రెండిళ్ళవాళ్ళూ తమ బాధలు మధ్యవర్తికి చెప్పుకుంటారు. జబ్బులు, అప్పులు, పాత తగాదాలు. నలభయ్యేళ్ళుగా అవి వింటున్నాను. ఒక ఇంట్లో విన్నది మరో ఇంట్లో చెప్పలేదు. అవతలివాళ్ళు తప్పక తెలుసుకోవలసింది ఉంటే, ఆ ఇంటివాళ్ళ చేతే చెప్పించాను. మీ దగ్గరికి వచ్చేవాళ్ళు ధైర్యంగా మాట్లాడాలంటే అట్లాంటి మనిషి ఒకరు అవసరమని నా ఉద్దేశం. మీ దగ్గర నేర్చుకోవలసింది కంప్యూటర్. నేర్చుకుంటాను.'

నాజ్నీన్ రెండుసార్లు చదివింది. ఈసారి పెన్ను తీయలేదు.

జూన్ 13

పంపేశాం. కానీ పంపేముందు ఒక పేచీ.

రెజ్యూమె చివర రెఫరెన్స్ అని మన గురించి చెప్పగలవాళ్ళ పేర్లు, నంబర్లు ఇవ్వాలట. బోండాల జంట తప్పుకున్నాక నా దగ్గర పేర్లేవీ లేవు. ఉన్నా ఇవ్వను. మనం ఇచ్చిన మనిషి మంచే చెప్తాడు, అందుకేగా ఇస్తాం! అబ్బాయి గురించి తెలుసుకోవాలంటే నేను వాళ్ళిచ్చిన మేనమామ దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు. పక్కింటికి వెళ్ళేవాణ్ణి, ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. అందుకని ఆ ఖాళీలో ఇలా రాశాను: 'యాప్రాల్‌లో మా వీధిలో ఎవరినైనా అడగండి.'

"గిట్ల ఎవరు రాయరు అంకుల్!"

"రాయరు. అందుకే రాసిన."

"ఎవరన్న ఉల్టా చెప్తే?"

"అందరు మంచోడంటే నేనే నమ్మను."

పెద్ద మాట అనేశాను. అన్నాక మూలింటి వీరరాఘవమ్మ వదిన గుర్తొచ్చింది. అప్పటికే నాజ్నీన్ ఫోన్లో బొత్తాం నొక్కింది.

ఏం కాదు. ఇంతదూరం ఎవరొస్తారు?

జూన్ 16

ఫోన్ రాలేదు. బ్యాటరీ బాగానే ఉంది. రెండుసార్లు రాజ్యం ఫోన్ నుంచి చేసి చూసుకున్నాను.

జూన్ 18, బుధవారం

వచ్చింది. ఆ ఫెయిత్ అనే అమ్మాయే, స్కూటీ మీద. నేను క్షవరానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రాజ్యం గేటు దగ్గరే ఉంది.

"ఎవరో పిల్ల వచ్చిందయ్యా. నీ గురించి అడిగి పోయిందట."

"ఎవరిని అడిగింది?"

రాజ్యం మూలింటి వైపు చూసింది.

వీధిలో ఇన్ని ఇళ్ళున్నాయి. పూజలకైనా, చందాలకైనా నన్ను పిలవని ఇల్లు లేదు. కానీ ఆ పిల్ల స్కూటీ ఆపింది మొదటి ఇంటి ముందు. అది వీరరాఘవమ్మ వదిన ఇల్లు. ఎనిమిదేళ్ళ కింద వాళ్ళ పెద్దమ్మాయి కల్పలతకు నేనే సంబంధం తెచ్చాను. మంచి ఇల్లు, మంచి పిల్లవాడు. శుభలేఖలు అచ్చయ్యాక నేనే వెళ్ళి చెడగొట్టాను. జాతకాలు చూడడంలో పొరపాటు చేశానని రెండిళ్ళకూ చెప్పాను. రెండిళ్ళూ నన్నే తిట్టుకున్నాయి. అప్పటినుంచి వదిన నాతో మాట్లాడదు. నేను అటు వెళ్తుంటే వాకిట్లో నీళ్ళు మాత్రం గట్టిగా చల్లుతుంది.

అప్పట్లో కల్పలతే నా దగ్గరికొచ్చి ఒక మాట చెప్పింది. ఈ పెళ్ళి వద్దంది, ఎందుకో చెప్పింది, ఇంట్లో తెలిస్తే బతకలేనంది. ఆ 'ఎందుకో' అన్నది ఇక్కడ కూడా రాయను. ఇప్పుడు ఆ అమ్మాయి బ్యాంకులో పనిచేస్తోంది, తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది, బాగుంది.

"వదిన ఎంతసేపు మాట్లాడింది?" అని రాజ్యాన్ని అడిగాను.

"చాయ్ సుత ఇచ్చింది" అంది రాజ్యం.

చాయ్ ఇచ్చి మరీ చెప్పిందంటే ఏమీ మిగిల్చి ఉండదు.

జూన్ 19

పోతే పోయింది. అక్కర్లేని ఉద్యోగమే కదా. అన్నం సహించలేదు. ఎండ వల్ల.

సాయంత్రం ఫోన్. రేపు పదకొండుకు రమ్మన్నారు. బహుశా మొహం మీద వద్దని చెప్పడానికి. పద్ధతి గల మనుషులు.

జూన్ 20, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను.

ఫెయిత్ మా నాజ్నీన్ వయసే ఉంటుంది. బల్ల మీద నా రెజ్యూమె, కవర్ లెటర్ పక్కపక్కనే పెట్టుకుంది. లేచి నిలబడి "కూర్చోండి సార్" అంది. నేను కూర్చున్నాకే కూర్చుంది.

"మీ వీధికి వచ్చిన సార్."

"తెలిసిందమ్మా."

"వీరరాఘవమ్మగారు చాలాసేపు మాట్లాడిండ్రు. చాయ్ బాగుండె. తిట్లు సుత బాగుండె." ఆమె నవ్వు ఆపుకుంది. తర్వాత నవ్వు పోయింది. "కార్డులు అచ్చయినంక వాళ్ళ అమ్మాయి పెళ్ళి చెడగొట్టిండ్రట. నిజమేనా?"

"నిజమే."

"ఎందుకు?"

"జాతకాలు."

"జాతకాలు ముందే చూపించుకున్నం, కలిసినయ్ అన్నరు ఆమె. ఎనిమిదేళ్ళయినా అసలు సంగతి చెప్పలే అన్నరు. నాకు చెప్పండి సార్. ఈ గదిల నేను తప్ప ఎవరు లేరు."

ఇక్కడ నిజం రాయాలి. నాకా ఉద్యోగం కావాలి. మొదటి రోజు నుంచీ కావాలి. అక్కర్లేదు, అక్కర్లేదని ఈ డైరీకి కూడా అబద్ధం చెబుతూ వచ్చాను. పొద్దున్నే లేచి ఎక్కడికైనా వెళ్ళాలని, నా కోసం ఎవరైనా కుర్చీ వేసి కూర్చోవాలని, ఫలానా సంబంధం ఎంతదాకా వచ్చిందని రాజ్యం మళ్ళీ అడగాలని ఉంది. ఒక్క మాట చెప్తే చాలు. ఆ పిల్లే వద్దంది, నేను నింద నెత్తిన వేసుకున్నాను అంటే చాలు. ఈమె ముందు నేను దేవుణ్ణయిపోతాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చెప్పలేనమ్మా. ఆ ముచ్చట నాది కాదు."

"మీ ఉద్యోగం మీద పడొచ్చు సార్."

"పడనీ అమ్మా."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. నేను సంచీ సర్దుకున్నాను. వద్దనిపించుకున్నాక అక్కడ ఎక్కువసేపు కూర్చోకూడదు. అది మా పని మర్యాద.

"మా దగ్గర అడగకుండనే చెప్పేటోళ్ళు మస్తుమంది ఉన్నరు సార్" అంది ఫెయిత్. "అడిగినా చెప్పనోళ్ళే లేరు. సోమవారం నుంచి వస్తరా? మూడు నెలలు చూసుకుందాం, మీరు మమ్మల్ని, మేము మిమ్మల్ని."

సంతోషం పట్టలేక నోటికొచ్చింది అనేశాను. "ఇంటికి పోయి కబురు చేస్తం."

ఆమె మొహం వాడిపోయింది. "అంటే వద్దనా సార్?"

అప్పుడు తెలిసింది నేనేమన్నానో. పెళ్ళిచూపుల తర్వాత వద్దనుకున్నవాళ్ళు లేస్తూ అనే మాట అది. నలభయ్యేళ్ళు వినీ వినీ నా నోటికి అంటుకుపోయింది. "కాదు కాదు అమ్మా, వస్త! సోమవారం కాదు, రేపే రమ్మన్నా వస్త!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. వచ్చేముందు కంప్యూటర్ నేర్పే కుర్రవాణ్ణి కూడా చూపించింది. భయపడ్డాడు, నేనంటే.

ఇంటికొచ్చి నాజ్నీన్‌కు చెప్తే, "నేను అన్న గదా అంకుల్, రెఫరెన్స్ కరెక్ట్‌గా పెట్టాలని" అంది. ఆమె అన్నది అది కాదు.

జూన్ 22, ఆదివారం

పది గంటలకు గేటు చప్పుడైంది. వీరరాఘవమ్మ వదిన. చేతిలో ఒక కవరు. ఎనిమిదేళ్ళ తర్వాత మా వాకిట్లో.

"ఏం యుగంధరూ, నౌకరీ దొరికిందట."

"దొరికింది వదినా. కూసో."

"నేను గంత చెప్పినంక సుత ఇచ్చిండ్రా?"

"నువ్వు చెప్పినవనే ఇచ్చిండ్రు."

వెటకారమనుకుంది. అయినా కూర్చుంది. రాజ్యం మంచినీళ్ళిచ్చింది. కాసేపు వానల గురించి, మున్సిపాలిటీ గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత కవరు నా ముందుకు జరిపింది. "మా చిన్నోడు సత్యదేవ్‌కు ముప్పయ్యొకటి నిండింది. మీ కంపెనీల మంచి పిల్ల ఉంటే చూడు. నీ మీద కోపం పోయిందని కాదు. పిల్లగాని బతుకు గదా అని వచ్చిన."

బయోడేటా తీసి చూశాను. పైనుంచి కింది దాకా వదిన రాసినదే. ఎట్లాంటి పిల్ల కావాలో, ఎంత ఎత్తుండాలో, ఏ వంట రావాలో అన్నీ ఉన్నాయి. సత్యదేవ్ కలిపిన మాట ఒక్కటి కూడా కనబడలేదు. కాగితం మడిచి తిరిగిచ్చాను.

"వాణ్ణి రమ్మను వదినా. ముందుగాల వాని మాట వింట. నీ మాట తర్వాత."

"నేను కన్నతల్లిని! నా కంటె వానికేం తెలుస్తది?" అని లేచింది. తిట్లు వస్తాయని రాజ్యం కూడా గుమ్మంలోకొచ్చింది. తిట్లు రాలేదు. వదిన కొంగు పట్టుకుని అట్లాగే నిలబడింది. చాలాసేపు నా మొహంలోకి చూసింది.

"యుగంధరూ" అంది నెమ్మదిగా. "గప్పుడు కల్పలత మాట సుత గిట్లనే విన్నవా?"

"చాయ్ తాగు వదినా" అన్నాను.

ఆమె మళ్ళీ కూర్చుంది. రాజ్యం చాయ్ తెచ్చింది. వదిన తాగి, గ్లాసు కింద పెట్టి, కవరు సంచీలో వేసుకుంది.

"పొద్దుగాల నువ్వు డ్యూటీకి పోకముందే పంపిస్త" అంది. "జెర సిగ్గరి వాడు. నువ్వే అడుగు."